సైన్యంలో నేర్చిన చదువుకు క్రెడిట్: జీఐ బిల్లు వెనుక ఎనభై ఏళ్ల కథ

అమెరికా సైన్యం నుంచి విడుదలై కాలేజీ మెట్లెక్కేవాళ్లకు రెండు కాగితాలతో పని. ఒకటి డీడీ-214. ఎన్నాళ్లు సేవ చేశారు, ఎలా విడుదలయ్యారు అన్నది అందులో ఉంటుంది. దాన్ని బట్టి మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే వీఏ, జీఐ బిల్లు అనే చట్టం కింద చదువుకు డబ్బిస్తుంది. రెండోది జాయింట్ సర్వీసెస్ ట్రాన్‌స్క్రిప్ట్, వాడుకలో జేఎస్టీ. సైన్యంలో ఏమేం నేర్చుకున్నారో అందులో ఉంటుంది. దాన్ని చూసి క్రెడిట్లు, అంటే డిగ్రీ పూర్తికి లెక్కకొచ్చే యూనిట్లు, ఇవ్వాల్సింది కాలేజీ. మొదటి కాగితం మీద వచ్చేది హక్కు. రెండో కాగితం మీద ఉన్నది సిఫార్సు. చాలామంది మాజీ సైనికులు నష్టపోయేది ఈ తేడా తెలియకే.

తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే మొదటి ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన విద్యార్థులకు ఎన్నో కాలేజీలు గంపగుత్తగా క్రెడిట్లు ఇచ్చేశాయి. ఏం నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు, యూనిఫాం వేసుకున్నాడు కాబట్టి ఇచ్చారు. గౌరవంతో చేసిన పనే, కానీ దెబ్బ తగిలింది ఆ విద్యార్థులకే. పునాది పాఠాలు దాటేసి పై తరగతుల్లో కూర్చున్నవాళ్లు తట్టుకోలేకపోయారు, డిగ్రీల విలువ మీదా అనుమానాలు మొదలయ్యాయి. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగగానే, 1942లో, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్, గుర్తింపు సంస్థలు కలిసి ఒక గీత గీశాయి: సేవకు క్రెడిట్ లేదు, నేర్చినదానికే క్రెడిట్. ఈనాటి వ్యవస్థంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

నేర్చినదాన్ని కొలవాలంటే సాధనాలు కావాలి. అదే ఏడాది విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో సైనికుల కోసం కరస్పాండెన్స్ విద్యాసంస్థ పెట్టారు. కొద్దికాలానికే దానికి యునైటెడ్ స్టేట్స్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అన్న పేరు స్థిరపడింది. హైస్కూలు మధ్యలో ఆపి యుద్ధానికి వెళ్లినవాళ్ల కోసం, హైస్కూలు చదువుకు సమానమైన జీఈడీ పరీక్ష తయారైంది. ఈనాడు హైస్కూలు పూర్తి చేయలేనివాళ్లు చాలామంది రాసే జీఈడీ పుట్టింది సైనికుల కోసమే. ఇక సైనిక శిక్షణ కోర్సులను ఒక్కొక్కటిగా పరిశీలించి దేనికి ఎన్ని క్రెడిట్లు తగునో చెప్పే గైడును కౌన్సిల్ 1940ల మధ్యలో తెచ్చింది. అప్పటి నుంచి ఆ పని ఆగలేదు.

డబ్బు కథ వేరే దారిలో నడిచింది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టమే జీఐ బిల్లు. ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజులు, ఒంటరి వ్యక్తికి నెలకు 50 డాలర్ల భత్యం, కుటుంబం ఉంటే 75. సేవా కాలాన్ని బట్టి గరిష్ఠంగా 48 నెలలు. 1947లో అమెరికా కాలేజీల్లో చేరినవాళ్లలో 49 శాతం మాజీ సైనికులే. మొత్తం మీద 22 లక్షల మంది ఈ బిల్లుతో కాలేజీ చదువు చదివారు. అయితే అమలు స్థానికుల చేతుల్లో ఉండటంతో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఈ తలుపులు చాలావరకు మూసే ఉన్నాయి. ఈ బిల్లు గొప్పతనం చెప్పేటప్పుడు ఆ మాట దాటేయకూడదు.

కొరియా యుద్ధం నాటికి ఒక పాఠం నేర్చుకున్నారు. ప్రభుత్వమే ఫీజు కడుతోంది కదా అని కొన్ని విద్యాసంస్థలు రేట్లు పెంచేశాయి. 1952 చట్టం డబ్బును కాలేజీకి కాకుండా సైనికుడి చేతికే, నెలకు 110 డాలర్ల చొప్పున ఇచ్చింది, గడువును 36 నెలలకు తగ్గించింది. ఈనాటికీ వినిపించే 36 నెలల లెక్క అక్కడిదే. తర్వాత 1966లో వియత్నాం తరానికి, 1985 నుంచి చేరినవాళ్లకు మాంట్‌గొమరీ బిల్లు కింద పథకాలు మారుతూ వచ్చాయి. 2008లో వచ్చి 2009 ఆగస్టు 1 నుంచి అమలైన పోస్ట్-9/11 బిల్లు ఫీజును తిరిగి నేరుగా కాలేజీకే కట్టడం మొదలుపెట్టింది. ఇంటి అద్దె భత్యాన్ని సైనికుడికే ఇస్తుంది.

క్రెడిట్ వైపు పెద్ద మార్పులు 1970లలో వచ్చాయి. 1972లో వైమానిక దళం తన సొంత కమ్యూనిటీ కాలేజీ పెట్టుకుంది. అందుకే వైమానిక దళంలో అధికారులు కాని సైనికుల శిక్షణ చాలాకాలంగా జేఎస్టీలో కాక, గుర్తింపు ఉన్న ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తోంది. అదే ఏడాది సైనికుల క్రెడిట్లను సులువుగా తీసుకుంటామని ఒప్పుకున్న కాలేజీల సమాఖ్య ఏర్పడింది. కోర్సులతో పాటు సైనికుడి ఉద్యోగాన్నే, అంటే మెడిక్, మెకానిక్, రేడియో ఆపరేటర్ లాంటి పనులను, హోదా స్థాయిల వారీగా అంచనా వేయడం కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. ఆర్మీకి, నేవీకి వేర్వేరుగా ఉన్న ట్రాన్‌స్క్రిప్టులను కలిపి జేఎస్టీగా చేసింది 2010ల మొదట్లో.

జేఎస్టీ పేజీ ఒకటి దగ్గరగా చూడండి. ఎడమవైపు సైన్యం వాడే కోర్సు సంఖ్య, పక్కన కౌన్సిల్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య, కోర్సు పేరు, ఎక్కడ ఎప్పుడు చదివారో తేదీలు. దాని కింద సబ్జెక్టుల జాబితా, ప్రతి సబ్జెక్టు ఎదురుగా సెమిస్టర్ అవర్లు, అంటే క్రెడిట్ల సంఖ్య, ఆ పక్కన ఒక అక్షరం. ‘ఎల్’ అంటే డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయి, ‘యూ’ అంటే చివరి రెండేళ్ల స్థాయి, ‘వీ’ వృత్తి విద్య, ‘జీ’ పీజీ స్థాయి. ప్రాథమిక శిక్షణకు సాధారణంగా ప్రథమ చికిత్స, శారీరక దృఢత్వం లాంటివి ఒక్కో అవర్ చొప్పున, ‘ఎల్’ స్థాయిలో కనిపిస్తాయి. చూడాల్సింది మొత్తం అవర్లు కాదు, ఆ అక్షరం. ‘ఎల్’ క్రెడిట్లు నలభై ఉన్నా మూడో ఏడాది కోర్సు ఒక్కటి కూడా తగ్గకపోవచ్చు.

ఇక్కడే డబ్బు దారి, క్రెడిట్ దారి కలుస్తాయి. జీఐ బిల్లు డబ్బు తీసుకునే కాలేజీ ప్రతి విద్యార్థి పాత చదువును, సైనిక శిక్షణతో సహా పరిశీలించి, రికార్డు రాసి, తగిన క్రెడిట్ ఇచ్చి, ఆ మేరకు కోర్సు కాలాన్ని తగ్గించాలని వీఏ నిబంధనలు చెబుతున్నాయి. పరిశీలన తప్పనిసరి. ఎంత ఇవ్వాలన్నది మాత్రం మళ్లీ కాలేజీ నిర్ణయమే. కొన్ని రాష్ట్రాలు చట్టం చేసి కొంత బిగించాయి. టెక్సస్ 2009లో ప్రభుత్వ కాలేజీలు అర్హులైన మాజీ సైనికులకు వ్యాయామ విద్య క్రెడిట్‌తో పాటు 12 అవర్ల దాకా ఎలక్టివ్ క్రెడిట్ ఇవ్వాలంది. ఎలక్టివ్, అంటే తప్పనిసరి కాని, ఎంచుకునే కోర్సు, అన్న మాట గమనించాలి.

ఎందుకంటే క్రెడిట్ రావడం వేరు, పనికి రావడం వేరు. ఉదాహరణకు జేఎస్టీలో 40 అవర్లు ఉన్నాయనుకుందాం. కాలేజీ 30 తీసుకుంది. 120 క్రెడిట్ల డిగ్రీలో పావు వంతు అయిపోయిందని సంబరపడతాం. కానీ ఆ డిగ్రీలో ఫ్రీ ఎలక్టివ్‌లకు 9 క్రెడిట్ల చోటే ఉంటే మిగతా 21 ట్రాన్‌స్క్రిప్ట్ మీద అలంకారంగా మిగిలిపోతాయి. పైగా అవి నష్టం కూడా చేయగలవు. ఫెడరల్ ఆర్థిక సాయానికి డిగ్రీ నిడివిలో 150 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది, 120 క్రెడిట్లకు 180 అన్నమాట. బయటి నుంచి తీసుకున్న క్రెడిట్లు ఆ 180లో లెక్కకు రావచ్చు.

అసలు దెబ్బ అద్దె భత్యం మీద పడుతుంది. పోస్ట్-9/11 బిల్లులో డిగ్రీ విద్యార్థికి మామూలు సెమిస్టర్లో 12 క్రెడిట్లు పూర్తికాలం. 7 తీసుకుంటే 58 శాతం, దాన్ని 60గా సవరించి భత్యంలో 60 శాతం ఇస్తారు. 6 తీసుకుంటే సరిగ్గా సగం, భత్యం సున్నా. అన్నీ ఆన్‌లైన్ కోర్సులైతే దేశ సగటులో సగమే ఆధారం. డిగ్రీకి అవసరమైన కోర్సులకే వీఏ డబ్బిస్తుంది. సైనిక క్రెడిట్లతో ఎలక్టివ్‌లన్నీ నిండిపోతే చివరి ఏడాదిలో 12 క్రెడిట్లకు సరిపడా కోర్సులు దొరకవు. ఫలానా సెమిస్టర్లో ఆ కోర్సు పెట్టలేదంటే భత్యం పడిపోతుంది. ఇంకో రకం దెబ్బ, జేఎస్టీ ఆలస్యంగా పంపడం. కాలేజీ అప్పటికే క్రెడిట్ ఇవ్వగలిగిన కోర్సును విద్యార్థి మళ్లీ చదివేస్తాడు. తర్వాత రికార్డు సరిచేస్తే ఆ కోర్సుకు ఇచ్చిన డబ్బును వీఏ అప్పుగా తిరిగి అడగొచ్చు.

అందుకే పని వరస ముఖ్యం. సైన్యం వదలకముందే జేఎస్టీ తెరిచి చూసుకోవాలి. చేసిన కోర్సు అందులో లేకపోతే దాన్ని ఎక్కించాల్సింది సైనిక విభాగం, కాలేజీ కాదు. శిక్షణ పూర్తి చేసిన పత్రం చేతిలో ఉంటే ఆ పని యూనిట్‌లో ఉండగానే తేలిగ్గా అవుతుంది. అధికారిక ప్రతిని కాలేజీలకు ఉచితంగానే పంపిస్తారు, మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందే పంపించాలి. రిజిస్ట్రార్ అన్నీ ఎలక్టివ్‌లో పడేస్తే అక్కడితో ఊరుకోకూడదు. కౌన్సిల్ గైడులో ఆ శిక్షణకు రాసిన పాఠ్యాంశాల వివరాన్ని, కాలేజీ కోర్సు సిలబస్‌ను పక్కపక్కన పెట్టి డిపార్ట్‌మెంట్ అధిపతిని అడగాలి. మెడిక్ శిక్షణ ఫలానా హెల్త్ సైన్స్ కోర్సుకు సమానమని తేల్చేది ఆ డిపార్ట్‌మెంటే. చివరికి డిగ్రీ ప్లాన్‌లో ఏ క్రెడిట్ ఏ గడిలో పడిందో కాగితం మీద రాయించుకుని, ఆ ప్రతినే జీఐ బిల్లు వ్యవహారాలు చూసే కాలేజీ సర్టిఫయింగ్ అధికారికి ఇవ్వాలి.

ఇంత శ్రమ ఎందుకంటే లెక్క పెద్దది. 36 నెలలంటే తొమ్మిది నెలల విద్యాసంవత్సరాలు నాలుగు. నిజంగా డిగ్రీలో ఇమిడే 30 క్రెడిట్లు వస్తే రెండు సెమిస్టర్లు, అంటే దాదాపు 9 నెలల హక్కు మిగులుతుంది. అది పీజీ మొదటి ఏడాదికి సరిపోతుంది.

సైన్యంలో నేర్చినా జేఎస్టీలో కనబడని చదువుకు, కోర్సు చదవకుండానే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్షలు ఒక దారి. ఫీజు కట్టి రాసి, ఫారం 22-0810తో వీఏ నుంచి ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఒకప్పుడు పోస్ట్-9/11 బిల్లు కింద ఒక చిన్న పరీక్ష ఫీజు అడిగినా పూర్తి నెల హక్కు కోసేసేవారు, అందుకే ఎవరూ అడిగేవారు కాదు. 2017 చట్టం ఆ అన్యాయాన్ని సరిదిద్దింది. 2018 ఆగస్టు 1 నుంచి ఖర్చైన మేరకే హక్కు తగ్గుతుంది.

మన దేశం ఇదే సమస్యను వేరే విధంగా పట్టుకుంది. పదో తరగతితో చేరి 15 ఏళ్లు సేవ చేసిన మాజీ సైనికుడిని కొన్ని గ్రూప్-సి ఉద్యోగాలకు పట్టభద్రుడితో సమానంగా చూస్తారు. ఉద్యోగానికి అది పనికొస్తుంది కానీ అది డిగ్రీ కాదు. 1942లో అమెరికా వద్దనుకున్న సేవా కాలపు కొలమానం మన దగ్గర ఉద్యోగ అర్హతగా నిలిచింది. 2022 జూన్‌లో అగ్నివీరుల కోసం ఇగ్నో ద్వారా ప్రకటించిన మూడేళ్ల డిగ్రీ మాత్రం క్రెడిట్ దారిలోకి వచ్చింది. అందులో 50 శాతం క్రెడిట్లు సైనిక శిక్షణకే, మిగతా సగం చదివి సంపాదించుకోవాలి. మొదటి ఏడాదితో ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లోనో సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లోనో శిక్షణ పొందే అగ్నివీరుడికి ఆ సగం ముందే ఖాయం. అమెరికా సైనికుడు కాలేజీ కాలేజీకి బేరమాడాల్సిందే, కాకపోతే ఏ కాలేజీ అన్నది అతని ఇష్టం.

అమెరికాలోని తెలుగు కుటుంబాల నుంచి సైన్యంలో చేరినవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటి ఉంది. పోస్ట్-9/11 బిల్లు డబ్బును భార్యకో భర్తకో పిల్లలకో బదిలీ చేయొచ్చు. దానికి సాధారణంగా ఆరేళ్ల సేవ పూర్తి కావాలి, మరో నాలుగేళ్లు చేస్తానని ఒప్పుకోవాలి, దరఖాస్తు సైన్యంలో ఉండగానే పెట్టాలి. విడుదలయ్యాక కొత్తగా బదిలీ చేయడం కుదరదు. జేఎస్టీ మీది క్రెడిట్లు మాత్రం ఎవరికీ బదిలీ కావు, ఆ శిక్షణ పొందిన మనిషికే చెందుతాయి. కాబట్టి డబ్బు పిల్లల పేరున రాసేముందు, ఆ క్రెడిట్లు కలుపుకుంటే తన డిగ్రీకి ఇంకెన్ని నెలలు కావాలో కాలేజీతో లెక్క వేయించుకోవాలి. 36 నెలలను విడగొట్టి, కొన్ని తన పేరున ఉంచుకుని మిగతావే బదిలీ చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది.