పెంకు పురుగుల డీఎన్ఏ: అపోహలు - వాస్తవాలు

శాస్త్రవేత్తలు ఇంతవరకు పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. మిణుగురు, పేడపురుగు, అక్షింతల పురుగు, ముక్కు పురుగు అన్నీ ఈ కోవలోవే. డీఎన్ఏ సాయంతో వీటి చుట్టరికాలు తేల్చడం నా వృత్తి. ఈ పని గురించి తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: రంగు, చారలు చూస్తే జాతి తెలిసిపోతుంది.

వాస్తవం: గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు ఎర్ర ముక్కు పురుగు బాగా తెలుసు. దాని శాస్త్రీయ నామం రింకోఫోరస్ ఫెర్రుజీనియస్. దీనికి దగ్గరి బంధువు రింకోఫోరస్ వల్నరేటస్ సాధారణంగా నల్లగా, వీపు మీద ఎర్రని చారతో ఉంటుంది. కానీ రెండింటి రంగులూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతుంటాయి. అందుకే 2004లో ఈ రెండూ ఒకే జాతి అని ప్రకటించారు. 2010లో అమెరికాలోని లగూనా బీచ్‌లో ఒక తాటిజాతి చెట్టులో ఈ పురుగు బయటపడినప్పుడు ఎర్ర ముక్కు పురుగే వచ్చిందనుకున్నారు. ఆ తర్వాత పలు దేశాల నమూనాల మైటోకాండ్రియా (కణంలో శక్తిని తయారుచేసే భాగం) జన్యువును పోల్చి చూశారు. జాతులు రెండేనని, లగూనా బీచ్‌కు వచ్చింది వల్నరేటస్ అని 2013లో తేలింది. మధ్యధరా దేశాల ఖర్జూర, ఈత జాతి చెట్లను నాశనం చేస్తున్నది మాత్రం ఫెర్రుజీనియస్. పురుగు ఏ దేశం నుంచి వచ్చిందో వెతకాలన్నా ముందు దాని పేరు సరిగ్గా ఉండాలి.

అపోహ: డీఎన్ఏ తీయాలంటే పురుగును నూరేయాలి.

వాస్తవం: పెద్ద పురుగైతే ఒక కాలు చాలు. చిన్నదైతే పురుగునంతా ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్) ద్రావణంలో వేసి 56 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. లోపలి కండ కరుగుతుంది. పెంకు, మీసాలు, జాతిని గుర్తించడానికి కీలకమైన మగ జననాంగం చెక్కుచెదరవు. కడిగి, ఆరబెట్టి, లేబుల్‌తో సహా భద్రపరుస్తాం. ఆ పురుగును పారేస్తే, రేపు ఎవరికైనా అనుమానం వచ్చినప్పుడు చూపడానికి ఏమీ మిగలదు. ఈ విషయంలో నేను రాజీపడను.

అపోహ: ఇక వర్గీకరణ నిపుణులతో పనిలేదు, పేరు యంత్రమే చెబుతుంది.

వాస్తవం: యంత్రం ఇచ్చేది డీఎన్ఏ అక్షరాల (ఎ, టి, జి, సి) వరుస మాత్రమే. జాతిని గుర్తించే బార్‌కోడ్‌గా వాడే మైటోకాండ్రియా జన్యు భాగంలో అవి 658. నిపుణులు సరిగ్గా గుర్తించిన పురుగుల వరుసలు ముందే ఉంటేనే పోలిక కుదురుతుంది. పైగా మైటోకాండ్రియా జన్యువుల పాత నకళ్లు కణ కేంద్రకంలోని డీఎన్ఏలోనూ ఉంటాయి. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు లక్షల ప్రతులు తీసే పద్ధతిలో) అసలు బదులు నకలు పెరిగితే, లేని జాతి ఒకటి కాగితం మీద పుడుతుంది. వరుస మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపమనే సంకేతం) కనబడితే అది నకలేనని అనుమానిస్తాం. కనబడకపోయినా నిశ్చింతగా ఉండలేం. కేంద్రక జన్యువులనూ చదివి, పురుగు శరీరాన్నీ మళ్లీ చూస్తాం.

అపోహ: పూల మొక్కలు వచ్చాకే ఇన్ని రకాల పెంకు పురుగులు పుట్టాయి.

వాస్తవం: ఇది సగమే నిజం. దాదాపు 1,900 జాతులను పోల్చిన 2007 నాటి అధ్యయనం ప్రకారం, నేటి వంశాల్లో చాలావాటి మూలాలు పూల మొక్కలు విస్తరించడానికి ముందే ఉన్నాయి. ఈ కాలాలు జన్యువుల నుంచే రావు, శిలాజాల వయసుతో సరిచూసుకోవాలి. 2019లో 146 జాతుల నుంచి 4,818 జన్యువులను పరిశీలించినప్పుడు నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి మరొకటి తేలింది. మొక్కల కణకవచాన్ని అరిగించే ఎంజైముల జన్యువుల్లో కొన్నింటిని ఈ పురుగుల పూర్వీకులు బ్యాక్టీరియా, శిలీంధ్రాల నుంచి అందుకున్నారు. ఆకులు, కాండం తిని బతికే ముక్కు పురుగులు, ఆకు పెంకు పురుగులు అంతగా విస్తరించడానికి ఆ జన్యువులు తోడ్పడ్డాయి.