పురుగు పట్టిన అడవి

పురుగు పట్టిందంటే ఇక ఆ వస్తువు పని అయిపోయిందని మన లెక్క. గింజకైనా, పండుకైనా, పంటికైనా అదే మాట. అడవి దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ ఒక్క చిల్లు కూడా లేని ఆకులే చెట్టంతా కనిపిస్తే ఏదో తేడా కొట్టినట్టే.

పడిపోయి రెండు మూడేళ్ళయిన దుంగ ఎక్కడైనా కనబడితే దాని బెరడు కొంచెం లేపి చూడండి. చేత్తో వద్దు, పుల్లతో లేపండి, కింద జెర్రి ఉండొచ్చు. ముందుగా కనిపించేది తిరగల్లో విసిరినట్టుండే సన్నటి పొడి. పెంకు పురుగుల లార్వాలు, అంటే ఆ తెల్లగా లావుగా ఉండేవి, కట్టెను తొలుచుకుంటూ పోయి వెనక వదిలిన పొట్టు అది. వాటి సొరంగాల్లోంచే తడి, గాలి, బూజు లోపలికి చేరతాయి. కట్టెను కరిగించే ఎంజైములు బూజు దగ్గరున్నాయి గానీ బెరడు దాటి లోపలికి పోవడం దానికి కష్టం, పురుగుకేమో గట్టి నోరుంది గానీ కట్టెకి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ అనే పదార్థాన్ని అరిగించుకునే శక్తి చాలావాటికి లేదు. అందుకని రెండూ కలిసి పనిచేస్తే త్వరగా తెములుతుంది. దుంగ నేలకి ఆనిన చోట రోకలిబండలుంటాయి, ముట్టుకోగానే చుట్ట చుట్టుకుంటాయి. ఇవి ఎండుటాకుల్ని కొరికి ముక్కలు చేస్తాయి, తిన్నదాంట్లో చాలాభాగం అరక్కుండానే బయటికొచ్చేస్తుంది, ఆ గుళికల మీద సూక్ష్మజీవులు పెరిగాక కొన్ని రోకలిబండలు వాటినే మళ్ళీ తింటాయి. వినడానికి బాగోదు, కానీ అడవికి ఎరువు తయారయ్యే పద్ధతుల్లో ఇదొకటి. (అన్నిటినీ పురుగులనే అంటున్నాను గానీ రోకలిబండ, జెర్రి, సాలీడు కీటకాలు కావు. కీటకాలతో సహా వీటన్నిటినీ కలిపి ఆర్థ్రోపోడ్స్ అంటారు, అంటే కాళ్ళకి కీళ్ళున్న జీవులని.)

ఈ తొలిచే పని ఎంత పెద్దదో 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. 6 ఖండాల్లో 55 చోట్ల, 140కి పైగా జాతుల చెట్ల కట్టెను అడవుల్లో పెట్టి, కొన్నిటికి పురుగులు దూరకుండా వలపంజరాలు బిగించారు. మిగతావాటిని అలాగే వదిలేశారు. ప్రపంచం మొత్తం మీద చచ్చిన చెట్ల నుంచి ఏటా నేలలోకి, గాల్లోకి పోయే కార్బన్ దాదాపు 1,090 కోట్ల టన్నులని, అందులో 29 శాతం పురుగుల వల్లేనని తేలింది. వేడి, తడి రెండూ ఉన్న ఉష్ణమండల అడవుల్లో వీటి వాటా ఇంకా పెద్దది.

చెదల సంగతి విడిగా చెప్పుకోవాలి. పుట్టగొడుగు అన్న మాట మనం రోజూ వాడేదే అయినా అందులో పుట్ట ఎందుకుందో పెద్దగా ఆలోచించం. ఆసియా, ఆఫ్రికాల్లో కొన్ని జాతుల చెదలు నిజంగానే పుట్ట లోపల బూజుని సాగు చేస్తాయి. తెచ్చిన ఎండు ముక్కల్ని సగం అరిగించి, తేనెపట్టులాంటి గడ్డలుగా పేర్చి, దాని మీద బూజు పెంచి, ఆ తర్వాత తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే పుట్ట మీద గొడుగు విప్పుతుంది. మనిషి వ్యవసాయం వయసు పది పన్నెండు వేల ఏళ్ళయితే వీటి సాగు కోట్ల ఏళ్ళ నాటిది. బోర్నియో అడవిలో 2015-16 ఎల్‌నినో కరువు సమయంలో శాస్త్రవేత్తలు కొన్ని చోట్ల చెదల్ని మందుతో తగ్గించి, కొన్ని చోట్ల వదిలేసి చూశారు. వదిలేసిన చోట కరువులో చెదలు ఇంకా పెరిగాయి, నేలలో తడి ఎక్కువ నిలిచింది, మొలకలు కూడా ఎక్కువ బతికాయి.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని వెక్కిరించడం మనకి అలవాటు, కానీ ఆ పురుగులు లేకపోతే మేడిచెట్టుకి గింజే కట్టదు. మనం పండనుకునేది నిజానికి పూలన్నీ లోపలికి తిరిగిన ఒక గుత్తి. దాని కొసన ఉన్న ఇరుకు కన్నంలోంచి ఆవగింజంత కందిరీగ ఒకటి దూరుతుంది, ఆ ఇరుకులో తరచుగా రెక్కలు ఊడిపోతాయి. లోపల కొన్ని పూలకి పుప్పొడి అంటించి, కొన్నిట్లో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు, జతకట్టి, ఆడవాటికి బయటపడే దారి తొలిచి అవీ పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టు వెతుక్కోవాలి, చేతిలో ఉన్నది రెండు రోజుల ఆయుష్షు. మర్రి, రావి, జువ్వి అన్నిటిదీ ఇదే కథ. వేరే పండ్లు లేని రోజుల్లో పిట్టలకీ కోతులకీ గబ్బిలాలకీ ఈ చెట్లే ఆధారం.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది మాత్రం, పురుగులు మొలకల్ని చంపడం కూడా అడవికి పనికొస్తుందనే వాదన. 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కాన్నెల్ అనే ఇద్దరు జీవావరణ శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పారు: తల్లిచెట్టు కిందే గింజలు కుప్పగా పడతాయి, ఆ జాతినే తినే పురుగులు, తెగుళ్ళు కూడా అక్కడే కాచుకుని ఉంటాయి, దాంతో దూరంగా పడ్డ గింజకే బతికే అవకాశం ఎక్కువ. తల్లి పక్కన ఖాళీ అయిన జాగా వేరే జాతికి దొరుకుతుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్లలో 300 దాకా చెట్ల జాతులు ఎలా ఇమిడాయన్న ప్రశ్నకి ఇదొక జవాబు.

అలాగని పురుగులు చేసేదంతా మంచేనని చెప్పలేం. పడమటి కెనడాలో పైన్ చెట్ల బెరడు తొలిచే ఒక పెంకు పురుగుంది, బియ్యపుగింజంత ఉంటుంది. మునుపు ఎముకలు కొరికే చలికాలాలు దాని లార్వాల్ని చాలావరకు చంపేసేవి. చలి తగ్గేసరికి 1990ల చివరి నుంచి అది విరుచుకుపడి, ఒక్క బ్రిటిష్ కొలంబియాలోనే దాదాపు 1.8 కోట్ల హెక్టార్ల అడవిని తాకింది. కొండలకి కొండలు ఎర్రబడ్డాయి. ఆ చచ్చిన చెట్ల మీదికి మొదట చేరినవాళ్ళలో వడ్రంగిపిట్టలున్నాయి, బెరడు ఊడబెరికి లోపలి లార్వాల్ని ఏరుకు తినడానికి.