కల్ట్ కామెడీలు: ఏది చెప్పాలి, ఎవరికి చెప్పాలి

ఫిల్మ్ క్లబ్‌కి సినిమాలు ఎంపిక చేయడం నా పని. "కాస్త తేడాగా, పిచ్చిపిచ్చిగా ఉండేది ఒకటి చెప్పండి" అని తరచూ అడుగుతుంటారు. ఆ అడగడం వెనకే బోలెడు అపోహలు.

అపోహ: చెత్తగా తీస్తే చాలు, కల్ట్ (కొద్దిమంది వీరాభిమానులు నెత్తిన పెట్టుకునే సినిమా) అయిపోతుంది.

వాస్తవం: తెలిసి చేసే అతి వేరు, తెలియక జరిగిపోయే అతి వేరు. అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ 1964లో ‘క్యాంప్’ (అతినీ కృత్రిమత్వాన్నీ ఆస్వాదించే అభిరుచి) మీద రాసిన వ్యాసంలోనే ఈ రెండింటినీ విడదీసింది. ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ను దర్శకుడు ఎడ్ వుడ్ నవ్వించడానికి తీయలేదు. నటుడు బేలా లుగోసీ చనిపోతే, అంతకుముందు ఆయన మీద తీసిన కొద్దిపాటి షాట్లు వాడుకుని, మిగతా చోట్ల మొహానికి కేప్ (భుజాల మీద వేసుకునే పొడవాటి వస్త్రం) అడ్డం పెట్టుకున్న వేరే మనిషితో నెట్టుకొచ్చాడు. ఆ మొండితనమే మనల్ని కూర్చోబెడుతుంది. దర్శకుడు జాన్ వాటర్స్ దగ్గర అతి అంతా లెక్కప్రకారమే నడుస్తుంది, అదో రుచి. కావాలని నాసిరకంగా తీసి, "చూశారా మా తెలివి" అంటూ కన్నుకొట్టే సినిమాలు మాత్రం అరగంటకే నీరసం తెప్పిస్తాయి. అవి నేనెవరికీ చెప్పను.

అపోహ: కామెడీ అన్నాక నటులు నవ్వించే ప్రయత్నం చేయాలి.

వాస్తవం: మొహం ఎంత సీరియస్‌గా ఉంటే నవ్వు అంత పేలుతుంది. 1980 నాటి ‘ఎయిర్‌ప్లేన్!’ చూడండి. 1957లో వచ్చిన ‘జీరో అవర్!’ అనే గంభీరమైన విమాన చిత్రం హక్కులు కొని, అందులోని కొన్ని డైలాగులు దాదాపు ఉన్నదున్నట్టు వాడుకున్నారు. నటులూ అంతే. లెస్లీ నీల్సన్ అప్పటిదాకా ఎక్కువగా సీరియస్ పాత్రలు వేసినవాడు. ఆయన ఒక్కసారి నవ్వాపుకోలేక దొరికిపోయినా సినిమా కూలిపోయేది.

అపోహ: సెటైర్ అయితే అందరికీ ఇట్టే తెలిసిపోతుంది.

వాస్తవం: 1997లో ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ వచ్చినప్పుడు, అది ఫాసిజాన్ని వెక్కిరిస్తోందని గ్రహించక, పొగుడుతోందని తిట్టిన విమర్శకులున్నారు. దర్శకుడు పాల్ వెర్‌హోవెన్ బాల్యం నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో గడిచింది. ఇది చెప్పేటప్పుడు నేను కథ విప్పను. సినిమాలో భాగంగానే మధ్యలో వచ్చే ప్రచార ప్రకటనల మీద ఓ కన్నేయమంటాను, అంతే.

అపోహ: పాత వ్యంగ్య సినిమాలు సాగతీతగా ఉంటాయి.

వాస్తవం: మార్క్స్ సోదరుల ‘డక్ సూప్’ 1933 నాటిది. నిడివి గంటా పది నిమిషాల లోపే.

అపోహ: పేరుమోసినదైతే ఎలా చూసినా మజానే.

వాస్తవం: ‘రాకీ హారర్ పిక్చర్ షో’ 1975లో బోల్తా కొట్టింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్లో అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాక, తెరకు ఎదురు డైలాగులు విసిరే జనమే దాన్ని నిలబెట్టారు. ఒంటరిగా ల్యాప్‌టాప్‌లో చూస్తే రెండో సగం నీరసంగానే ఉంటుంది (అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే). నలుగురు పోగయ్యేదాకా ఆగమంటాను.

అపోహ: వింత సినిమాల అభిమానికి అన్నిటికంటే ఘాటైనదే ముందు చూపించాలి.

వాస్తవం: జాన్ వాటర్స్‌తో పరిచయం లేనివాళ్లకు నేను ముందు 1988 నాటి ‘హెయిర్‌స్ప్రే’ ఇస్తాను. డాన్స్ షో చుట్టూ తిరుగుతూనే జాతి వివక్షకు చురకలు వేస్తుంది, ఇంటిల్లిపాదీ చూడొచ్చు. అది నచ్చి ఇంకా కావాలంటే 1972 నాటి ‘పింక్ ఫ్లెమింగోస్’. అందులో చివరి సన్నివేశంలో స్త్రీ వేషంలో ఉన్న నటుడు డివైన్ నిజంగానే కుక్క మలం తింటాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, భోజనం చేస్తూ చూడొద్దని కూడా.