లెక్క చెప్పనివాడు అనర్హుడు: ఉత్తరమేరూరు నుంచి ఫారం 26 దాకా

1923 నవంబరు 27న మద్రాసు శాసన మండలిలో మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చింది. భారతదేశ చట్టసభల్లో అలాంటి తీర్మానం అదే మొదటిది. పెట్టింది సి.ఆర్.రెడ్డి, అంటే కట్టమంచి రామలింగారెడ్డి. ఇప్పుడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయిన కట్టమంచి ఆయన ఊరు. ఎదుర్కొన్నది ప్రభుత్వాధినేత పానగల్ రాజా, అసలు పేరు పానగంటి రామరాయణింగారు. ఆయన పుట్టింది కాళహస్తిలో. తీర్మానానికి అనుకూలంగా 44 ఓట్లు, వ్యతిరేకంగా 65 ఓట్లు పడ్డాయి. రాజావారి ప్రభుత్వం నిలబడింది.

ఇద్దరూ ఈ చిత్తూరు గడ్డ మనుషులే. ఇద్దరూ అంతకుముందు, అప్పుడు పాలిస్తున్న జస్టిస్ పార్టీలో కలిసి నడిచినవాళ్లే. ఒకరు కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు, మరొకరు మద్రాసులో ఎం.ఏ. పూర్తి చేశారు. చదువులో గానీ, సభలో మాట్లాడే శక్తిలో గానీ ఒకరినొకరు వేలెత్తి చూపే పరిస్థితి లేదు. 1923 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ బలం తగ్గింది కాబట్టి, పాలించే అర్హత ఇంకా మిగిలి ఉందా అన్నదే అక్కడ తేల్చుకోవలసిన మాట. నాయకుడి చదువు పట్టా, కులం, ఆస్తి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నవాణ్ణి కుర్చీలో ఉండగానే నిలదీసే పద్ధతి మన చట్టసభల్లోకి అలా వచ్చింది. దానికి అటూ ఇటూ నిలిచిన ఇద్దరూ ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లు కావడం మనం తరచు తలుచుకోవలసిన సంగతి. అయినా కాళహస్తిలోనూ చిత్తూరులోనూ ఈ కథ తెలిసినవాళ్లు తక్కువే.

అయితే ఆ తీర్పు చెప్పిందెవరు? సభలో ఎన్నికైనవాళ్లతో పాటు ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్లూ కూర్చున్నారు. ఎన్నికైనవాళ్లను పంపినవాళ్లయినా ఊరంతా కాదు. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి ఎన్నికలు జరిగినప్పుడు సుమారు 4 కోట్ల జనాభాలో ఓటున్నవాళ్లు 12 లక్షల పైచిలుకు. శిస్తు కట్టే భూమి ఉండాలి, లేదా పన్ను కట్టే ఆదాయం ఉండాలి. ఆస్తి లేనివాడికి మంచిచెడ్డలు తెలియవని అప్పటి ప్రభుత్వం లెక్క. నాయకుడి అర్హత గురించి మాట్లాడే హక్కుకే ముందు ఒక అర్హత కావాలన్నమాట.

ఆస్తిని అర్హతగా చూడటం తెల్లదొరలు తెచ్చిన అలవాటు కాదు. తిరుపతి, కాళహస్తి, కాంచీపురం అన్నీ ఒకనాడు తొండమండలంలో భాగాలు. ఆ మండలంలోనే, కాంచీపురం దగ్గర ఉన్న ఉత్తరమేరూరులో, మొదటి పరాంతక చోళుడి కాలంలో, 919, 921 సంవత్సరాల్లో చెక్కిన శాసనాలు గ్రామసభ వారియాలకు, అంటే కమిటీలకు, ఎవరు అర్హులో వివరంగా చెబుతాయి. పన్ను కట్టే సొంత భూమి, వేలి అనే అప్పటి కొలతలో, పావు వంతుకు మించి ఉండాలి. సొంత స్థలంలో ఇల్లు ఉండాలి. వయసు 35 దాటాలి, 70 దాటకూడదు. వేదమంత్రాలు తెలిసి ఉండాలి. గడిచిన మూడేళ్లలో ఏ కమిటీలోనూ ఉండకూడదు. ఈ గీతలన్నీ దాటినవాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. ఆడవాళ్లకు చోటు లేదు, భూమి లేనివాడికి లేదు, బ్రాహ్మణేతరుడికి లేదు. దాన్ని ప్రజాస్వామ్యానికి తొలి గుడిగా ఎత్తి చూపేవాళ్లు ఈ సంగతులు కూడా చెబితే బాగుంటుంది.

ఆ జాబితాలో మరో షరతు ఉంది. ఇంతకుముందు కమిటీలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు. వాడిదే కాదు, వాడి దగ్గరి చుట్టాల పేర్లు కూడా వేయకూడదు. నా దృష్టిలో ఆ శాసనం మొత్తంలో ఈనాటికీ నిలబడే వాక్యం ఇదొక్కటే. తక్కిన షరతులన్నీ మనిషి ఎవరని అడిగితే, ఇది మాత్రం మనిషి ఏం చేశాడని అడుగుతుంది. కొడుకునో తమ్ముణ్నో ముందుకు తోసి తాను వెనక నుంచి నడిపించే ఏర్పాటును కూడా వెయ్యేళ్ల కిందటే పసిగట్టి దారి మూశారు.

లెక్క అడగడం అంటే ఎలా ఉండేదో తిరుమల శాసనాల్లోనే ఒకచోట కనిపిస్తుంది. మొదటి రాజేంద్ర చోళుడి కాలంలో, తిరుముండియం అనే ఊరి సభవారు ధర్మంగా ఇచ్చిన పొన్ను, అంటే బంగారం, తీసుకుని, స్వామికి 24 దీపాలు వెలిగిస్తామని ఒప్పుకున్నారు. కొన్నాళ్లకు రాజోద్యోగి వచ్చి విచారిస్తే వెలుగుతున్నవి రెండే. మిగతా 22 దీపాల సొమ్ము ఏమైందన్నది అక్కడ అడిగిన ప్రశ్న. సభవారు వేదం చదివారా, వాళ్లకెంత భూమి ఉంది అన్నది ఎవరికీ పట్టలేదు. ఆ విచారణను రాయి మీద చెక్కించి మరీ నిలబెట్టారు, తర్వాతివాళ్లు చదువుకోవాలని.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ ఈ గీతలన్నీ చెరిపేసింది. దేశ పౌరుడై, ఓటరు జాబితాలో పేరుండి, శాసనసభకైనా లోక్‌సభకైనా 25 ఏళ్లు, పెద్దల సభకు 30 ఏళ్లు నిండి ఉంటే చాలంది. దివాలా తీసినవాడు, మతి స్థిమితం లేదని కోర్టు తేల్చినవాడు, ప్రభుత్వంలో జీతం వచ్చే పదవిలో ఉన్నవాడు పనికిరారు. చదువు ఊసే లేదు. 1949 నవంబరు 26న ముగింపు ప్రసంగంలో బాబూ రాజేంద్రప్రసాద్ దీన్నే తన విచారాల్లో ఒకటిగా చెప్పారు. చట్టాన్ని అమలు చేసేవాడికి పెద్ద చదువులు కావాలంటున్నాం, చట్టం చేసేవాడికి మాత్రం ఎన్నికవడం తప్ప మరే అర్హతా పెట్టలేకపోయాం అన్నది ఆయన బాధ. ఆ సభలో తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు కూడా సభ్యులు. తర్వాత 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచి, 1956 నుంచి 1962 దాకా స్పీకరుగా ఉన్నారు. చదువు, సభా నియమాల మీద పట్టు, నియోజకవర్గంతో ముడి, అన్నీ ఒకేచోట కుదిరిన అలాంటివాళ్లను చూసి చదువే ముఖ్యమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రాజ్యాంగ సభ చేసిన పనే సరైనదని నేను నమ్ముతాను. 1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. పలమనేరు, పుంగనూరు, సత్యవేడు పల్లెల్లో ఆనాడు పదో తరగతి గీత పెట్టి ఉంటే, ఊరికి ఒకరిద్దరు కరణాలు, టీచర్లు, భూస్వాముల బిడ్డలు తప్ప ఇంకెవరూ నామినేషన్ వేయగలిగేవారు కాదు. చదువుకోనివ్వని సమాజమే చదువు లేదని తలుపు మూయడం అన్యాయం.

పెద్ద సభల విషయంలో వదిలేసిన గీతలను చిన్న సభల దగ్గర మాత్రం మళ్లీ గీశారు. 1994 పంచాయతీరాజ్ చట్టంతో మన రాష్ట్రంలో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు సర్పంచ్ పోటీకి అనర్హులయ్యారు. 2024లో గానీ ఆ నిబంధన ఎత్తేయలేదు. ఎమ్మెల్యేకు అలాంటి అడ్డు ఏనాడూ లేదు. హర్యానా పంచాయతీ పోటీకి చదువు, ఇంట్లో మరుగుదొడ్డి షరతులు పెడితే, 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సరేనంది. రాజస్థాన్ కూడా చదువు షరతు పెట్టి 2019లో వెనక్కి తీసుకుంది. పనిలో తేడా వస్తే సర్పంచ్‌ను కలెక్టర్ తొలగించగలడు. అదే ఎమ్మెల్యే చేతగానివాడని తేలినా ఐదేళ్లు భరించాల్సిందే. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించే అధికారం సభకు ఉంది, అంతే. పేదవాడు కూర్చునే కుర్చీకి ఇన్ని తూనికలు, పెద్దవాడి కుర్చీకి ఏ తూనికా లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

తిరుపతికి ఈ చర్చలో మరో అధ్యాయం ఉంది. 1983లో ఎన్.టి.రామారావు తిరుపతి నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 2008 ఆగస్టులో చిరంజీవి తన పార్టీని ఇక్కడే ప్రకటించి, 2009లో పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. రెండుసార్లూ సినిమావాళ్లకు పాలన ఏం తెలుసన్న ప్రశ్న వినిపించింది. రెండుసార్లూ ఓటరు ఆ ప్రశ్నను పట్టించుకోలేదు. పాలన తెలిసినవాళ్లం అని చెప్పుకున్నవాళ్లు అప్పటిదాకా ఏం వెలగబెట్టారన్నది ఓటరు లోపల అడుగుతున్న ఎదురు ప్రశ్న. అది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు.

ఇక కోర్టుల దారి. 1999లో ఢిల్లీ హైకోర్టులో మొదలైన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అభ్యర్థి కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు అని చెప్పింది. పార్టీలన్నీ ఒక్కటై చట్టం మార్చి దాన్ని కుదించబోతే, 2003 మార్చి 13న ఆ సవరణను కొట్టేసింది. 2013 జులై 10న మరో తీర్పు. అప్పటిదాకా శిక్ష పడిన ఎమ్మెల్యే, ఎంపీ అప్పీలు వేసి పదవిలో కొనసాగేవారు. రెండేళ్లు, ఆపైన జైలు శిక్ష పడితే ఆ రోజు నుంచే పదవి పోతుందని కోర్టు తేల్చింది. 2020 ఫిబ్రవరి 13న ఇంకో అడుగు వేసి, కేసులున్నవాడికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీలే బయటపెట్టాలని, గెలుస్తాడు కాబట్టి అనేది కారణం కాదని చెప్పింది. గెలుపు గుర్రాల కోసమే వెతికే పార్టీలకు ఇది నేరుగా తగిలే మాట. కానీ టికెట్ల వేళ వినబడేది ఇప్పటికీ అదే: "ఆయప్ప ఖర్చు పెట్టగలడా? మనోళ్ల ఓట్లు ఎన్నుండాయి?"

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ప్రమాణం చేసి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. నామినేషన్ల వేళ రిటర్నింగ్ అధికారి ఆఫీసు నోటీసు బోర్డుకు అంటిస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. ప్రతి పేజీకీ నోటరీ ముద్ర. పాన్ నంబరు, ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు. భార్య పేరున బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, కారు ఏ మోడలు. పొలాల సర్వే నంబర్లు, కొన్న తేదీ, కొన్న ధర, నేటి ధర. నడుస్తున్న కేసులుంటే ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు. చివర్లో చదువు, ఏ ఊళ్లో ఏ సంవత్సరం పాసయ్యాడో. దీని కోసం పౌరులు ఏళ్ల తరబడి పోరాడారు, దాన్ని తక్కువ చేయను. ఇదే సర్వే నంబర్ల ఆస్తి ఐదేళ్లలో ఎంత పెరిగిందో రెండు అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆ పని తిరుపతిలో, చిత్తూరులో యువకులు విడవకుండా చేయాలి.

కానీ 2021 నవంబరు సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా దొరకదు. ఆ వానలకు స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధులు మునిగాయి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. చెరువు కట్ట ఎవరు చూసుకోవాలి, నీళ్లు వచ్చే కాలువలు, పోయే కాలువలు ఎవరి హయాంలో కబ్జా అయ్యాయి, ముందే ఎవరైనా హెచ్చరించారా, హెచ్చరిస్తే నాయకుడు ఏం చేశాడు? 2025 జూన్‌లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు ఇవ్వాలన్నారు. ఆ మాట రైతు ఖాతా దాకా చేరేలా ఏ ప్రజాప్రతినిధి వెంటపడ్డాడు? సమర్థత తెలిసేది ఇలాంటి చోట్లే. పట్టా, కారు మోడలు ఇక్కడ ఏమీ చెప్పవు.

ఊళ్లో ఇలాంటి లెక్క అడిగే పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే చిత్తూరు జిల్లాకు వచ్చింది. దానితో పాటు సామాజిక తనిఖీలు వచ్చాయి. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదివి వినిపించి, ఫలానా గుంట నిజంగా తవ్వారా, కూలి చేతికి అందిందా అని ఊరందరి ముందే అడిగేవారు. కూలీలే లేచి, ఆ రోజు నేను పనికే పోలేదు, నా పేరెలా ఉంది అని చెప్పిన సందర్భాలు ఉన్నాయి. రెండు వందల రూపాయల కూలికి అంత పరీక్ష ఉన్నప్పుడు, నియోజకవర్గానికి వచ్చిన కోట్ల పనులకు ఎందుకు ఉండకూడదు?

ఉత్తరమేరూరు షరతు మన చట్టంలో పూర్తిగా చచ్చిపోలేదు కూడా. ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం, సరైన కారణం లేకుండా లెక్క అప్పజెప్పనివాణ్ణి ఎన్నికల సంఘం మూడేళ్లు పోటీకి అనర్హుడిగా ప్రకటించవచ్చు. కాకపోతే అది ఎన్నికల ఖర్చు లెక్క, ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాల్సినది. గెలిచాక గడిపిన ఐదేళ్ల లెక్క గురించి ఆ సెక్షన్‌కు పట్టదు. రెండోసారి, మూడోసారి పోటీ చేసే ఎమ్మెల్యే కూడా కొత్తగా వచ్చినవాడు నింపే ఫారం 26నే నింపుతాడు. సభకు ఎన్ని రోజులు వెళ్లాడు, ఏ ప్రశ్నలు అడిగాడు, ఇచ్చిన హామీల్లో ఏవి ఎక్కడ ఆగాయి అని రాయడానికి అందులో గడి లేదు. 2019 ఎన్నికల ముందు ఐదేళ్ల పన్ను రిటర్నుల గడులు అదే ఫారంలో కొత్తగా చేర్చారు. అప్పుడు మార్చింది నిబంధనను మాత్రమే, చట్టాన్ని కాదు.