అంతరిక్షంలో గాలి లేదు కదా సార్, మరి చప్పుడెలా వచ్చింది?

బీఎస్సీ పిల్లలకు గురుత్వ తరంగాల పాఠం, అంటే భారీ వస్తువులు ఢీకొన్నప్పుడు స్థలంలోనే లేచే అలల పాఠం, మొదలుపెడితే చాలు, ఈ ప్రశ్న వచ్చేస్తుంది. తప్పు వాళ్లది కాదు. 2016 ఫిబ్రవరిలో లైగో వాళ్లు (అమెరికాలో ఈ తరంగాలను పట్టే ప్రయోగశాల) రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయినప్పటి మొదటి సిగ్నల్ గురించి ప్రకటించినప్పుడు "బ్లాక్ హోల్స్ శబ్దం" అంటూ పిట్టకూత లాంటి చప్పుడొకటి ఊరంతా తిరిగింది. అప్పటి నుంచి ఇదే గోల.

అపోహ: ఇవి శబ్ద తరంగాల్లాంటివే.

కాదు, కాదు, కాదు. ఆ సిగ్నల్ ఫ్రీక్వెన్సీ సుమారు 35 నుంచి 250 హెర్ట్జ్ దాకా పెరిగింది. అది మన చెవికి అందే రేంజే కాబట్టి స్పీకర్‌కు కలిపి వినిపించారు, అంతే. శబ్దానికి గాలో నీళ్లో ఏదో ఒక పదార్థం ఉండాలి. ఇక్కడ సాగేదీ కుంచించుకునేదీ స్థలమే.

క్లాసులో మా పాప ప్లాస్టిక్ గాజు పట్టుకెళ్తాను. దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని, తరంగం గాజు మధ్యలోంచి నా వైపు వస్తోందనుకోమంటాను. గాజు అడ్డంగా సాగి నిలువుగా నొక్కుకుంటుంది, వెంటనే నిలువుగా సాగి అడ్డంగా నొక్కుకుంటుంది. ముందుకూ వెనక్కూ మాత్రం ఊగదు. గాలిలో శబ్దమైతే ఊగేది అలాగే. గాజును నా వేళ్లు నొక్కుతున్నాయి గానీ అక్కడ నొక్కేవాళ్లెవరూ లేరు, గాజు ఉన్న స్థలమే సాగుతోంది. మా కుర్రాడొకడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో సరిగ్గా ఇక్కడే "లాంగిట్యూడినల్" అనేసి వచ్చాడు, అంటే శబ్దంలా ముందుకూ వెనక్కూ ఊగేదని. లెక్కల్లో దిట్ట. ఇప్పటికీ బాధే నాకు.

అపోహ: కాంతి కంటే వేగంగా వస్తాయి.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సిగ్నల్ అందింది, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు అందాయి, అవీ కాంతి లాంటివే. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల ప్రయాణంలో తేడా అంతే, అంటే రెండిటి వేగమూ దాదాపు ఒకటే. ఇంకేం వాదిస్తాం?

అపోహ: ఒంటికి హాని.

ఓ రాత్రి ఏదో వీడియో చూసి పిన్ని ఫోన్. "ఒరే, ఆ అలలు భూమిని తాకుతున్నాయంట. కోడలికి ఏడో నెల. శుక్రవారం గుడికి పంపొచ్చా?" గ్రహణమంటే కడుపుతో ఉన్నవాళ్లను గదిలో కూర్చోబెట్టే ఇల్లు మాది, నవ్వు రాలేదు. ఆ వీడియో చేసినవాడి మీద మాత్రం ఒళ్లు మండింది. మొదటి తరంగం సుమారు 130 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చి, మన అందరిలోంచీ దూరి పోయిందని చెప్పాను. లైగోలో 4 కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్‌లో నూరో వంతు కూడా లేదన్నాను.

"అవన్నీ నాకెందుకురా, పంపొచ్చా లేదా?"

"పంపు పిన్నీ."