హుక్కులు లేని జాకెట్లు, అంచు మడవని పరికిణీలు: ఇంటి కుట్టుపనిపై అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా మా ఇంటి ముందుగదిలో కుట్టుపని నేర్పుతున్నాను. కొత్తగా చేరినవారికి మొదటిరోజు కత్తెర ఇవ్వను. ఇంట్లో సగంలో ఆగిపోయినవన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను. మర్నాడు ఏ సంచి తెరిచినా దాదాపు అవే ఉంటాయి. హుక్కులు లేని జాకెట్లు, అంచు మడవని పరికిణీ, ఒకవైపే ఫాల్ కుట్టిన చీర, ఎంబ్రాయిడరీ రింగులోనే ఉండిపోయిన దిండు గలీబు. కత్తిరించి వదిలేసిన గుడ్డ అరుదు. అన్నీ ముప్పాతిక దాటినవే.

అపోహ: ఇదంతా బద్ధకం.

వాస్తవం: బద్ధకస్తులు జాకెట్టు ముప్పాతిక దాకా కుట్టరు. మిషన్ మీద కూర్చుని చేసే పని వేరు, సూదితో చేసే పని వేరు. మిషన్ దగ్గరనుంచి లేవగానే దారం మారాలి, వెలుతురు మారాలి, కూర్చునే చోటు మారాలి. ఆ మారడంలోనే పని రేపటికి వాయిదా పడుతుంది. హుక్కులు ఆఖరి పని అనుకోవడం అలవాటేగాని నియమం కాదు. భుజాలు కలిపి, మెడ పూర్తిచేసి, పట్టీలు వేశాక చేతులు, పక్క కుట్లు వేయకముందే హుక్కులు కుట్టేయవచ్చు. అప్పుడు జాకెట్టు బల్లమీద చాప పరిచినట్టు ఉంటుంది, చేతికి చక్కగా అందుతుంది. హెమ్మింగ్‌కు, కాజాలకు కావలసిన సూదీ దారం ఒక డబ్బాలో వేసి టీవీ పక్కన పెట్టుకోమంటాను. ఆ డబ్బా మిషన్ గదిలో ఉంటే మాత్రం ఏమీ జరగదు.

అపోహ: కొత్త ఫాల్, లైనింగ్ నేరుగా కుట్టేయవచ్చు.

వాస్తవం: ఫాల్ లాంటి నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది. సింథటిక్ చీర అంతగా కుంచించుకుపోదు. రెండూ కలిపి కుట్టి ఉతికితే ఫాల్ లోపలినుంచి అంచును లాగేస్తుంది, చీర కుచ్చెళ్ల దగ్గర ముడతలు పడుతుంది. పని నేర్చుకున్న కొత్తలో మా వదిన చీరకు ఇలాగే తడపకుండా ఫాల్ వేశాను. ఒక్క ఉతుకుతో అంచంతా అప్పడంలా వంకరలు పోయింది. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చీర మళ్లీ కట్టనూ లేదు. ఫాల్‌ను గంటసేపు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే సూది పట్టండి. లైనింగ్‌కూ ఇదే.

అపోహ: అంబ్రెల్లా గౌను కుట్టడం అయిపోగానే అంచు మడిచేయాలి.

వాస్తవం: గుండ్రంగా కత్తిరించిన గుడ్డలో కొంత భాగం నిలువు పోగు వెంట, కొంత ఏటవాలుగా వేలాడుతుంది. ఏటవాలు భాగం తన బరువుకు తానే సాగుతుంది. ఆ పూటే అంచు మడిస్తే వారం తిరిగేసరికి ఒక పక్క కిందికి దిగుతుంది. హ్యాంగరుకు తగిలించి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. తర్వాత మనిషికి తొడిగి, నేలనుంచి స్కేలుతో కొలిచి, చుట్టూ గుర్తులు పెట్టి, ఎక్కువైంది కత్తిరించండి. పని ఆగడం మంచిదైన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఆ ఒక్క రోజు ఆర్నెల్లు కాకుండా చూసుకోవాలి మరి.

అపోహ: మగ్గం వర్క్‌లో కుట్టు ముఖ్యం, వెనక ముడి ఎలా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: బియ్యం బస్తా మూతి విప్పడం చూశారు కదా. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు కుట్టంతా జరజరా ఊడిపోతుంది, తప్పు కొస లాగితే బిగుసుకుంటుంది. మగ్గం వర్క్‌లో ఆరి సూదితో, అంటే కొనకు కొక్కెం ఉన్న సూదితో, వేసే గొలుసు కుట్టు కూడా అదే జాతి. ప్రతి లంకెనూ దాని తర్వాతి లంకె పట్టుకుంటుంది. ఆఖరి లంకెను పట్టుకునేది ముడి ఒక్కటే. అది జారితే రెండు రోజులు కూర్చుని కుట్టిన పూలతీగ ఒక్క ఉతుకులో పోతుంది. నా దగ్గరికి బాగుచేయమని వచ్చే జాకెట్లలో దారం తెగినవి తక్కువ, ముడి వదిలినవి ఎక్కువ. లైనింగ్ వేసి కప్పేముందు వెనకవైపు తిప్పి ప్రతి ముడినీ గోటితో గీకి చూడండి.

అపోహ: గుడ్డ కింద దారం చిక్కుపడుతోందంటే మిషన్ పాడైనట్టే.

వాస్తవం: కింద ఉచ్చులు పడుతున్నాయంటే తప్పు సాధారణంగా పై దారంలో ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే ప్రెసర్ ఫుట్ పైకెత్తి, దారం పూర్తిగా తీసి మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం దాని బిగువును పట్టి ఉంచే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. అప్పటికీ కుదరకపోతే సూది మార్చండి. ఈ రెండూ చేయకుండా మిషన్‌కు గుడ్డ కప్పేసి నెలలు గడిపినవారు మా వీధిలోనే ఇద్దరున్నారు.

అపోహ: ఇస్త్రీ అంతా అయ్యాక ఒకసారి చాలు.

వాస్తవం: చాలదు. ప్రతి కుట్టూ పడగానే నొక్కాలి. కానీ నీళ్లతో పోయే పెన్ను గుర్తులుంటే ముందు వాటిని కడగండి, వేడి తగిలితే ఆ గీత ఉండిపోవచ్చు.

అపోహ: చేతిపని అంటే మొదలుపెట్టినవారే ముగించాలి.

వాస్తవం: నర్సాపురం లేసు పల్లెలకు వెళ్లి చూడండి. పూలు అల్లేవారు ఒకరు, వాటిని అతికేవారు ఇంకొకరు. అతుకుపని విడిగా ఒక పనే. మా తరగతిలో ఒకమ్మాయికి హెమ్మింగ్ అంటే ప్రాణం, ఇంకొకామెకు దాని పేరెత్తితే తలనొప్పి. వారు పనులు మార్చుకుంటారు. ఒకరి కాజాలకు ఇంకొకరి పైపింగ్. నేను అడ్డు చెప్పను.

అపోహ: మొదలుపెట్టినవన్నీ పూర్తి చేయాల్సిందే.

వాస్తవం: అయిదో తరగతి పిల్లకు మొదలుపెట్టిన పరికిణీ, ఆ పిల్ల ఇంటరుకు వచ్చాక పూర్తిచేస్తే ఎవరు కడతారు? కుట్లు విప్పండి, గుడ్డ దాచండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు పాత బట్టల ముక్కలతో కవంద్ అనే బొంత కుడతారు. అంచునుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డపూలు కుడితేనే అది పూర్తయినట్టు. అవి లేకపోతే బొంతకు ఒంటిమీద బట్ట లేనట్టేనని వారి లెక్క. బొంతలోకి ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. మా అమ్మాయి అయిదో తరగతి పరికిణీ నా దగ్గర ఇప్పుడు రెండు దిండు గలీబులు. ఒకదానికి గుండీలు కుట్టాలి.