డిడ్ వచ్చాక వెంట్ ఎందుకు రాదు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

బడులు తెరిచారు. పుస్తకాలకు అట్టలు వెయ్యడం పూర్తయిందో లేదో, అప్పుడే మా మనవరాలి ఇంగ్లీషు నోట్సులో ఎర్ర గీత పడింది. "డిడ్ హీ వెంట్ టు స్కూల్?" అని రాసింది. టీచరమ్మ "వెంట్" కొట్టేసి పైన "గో" అని దిద్దారు. పిల్ల నోట్సు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, వాడు వెళ్ళింది నిన్న. నిన్నటి సంగతికి వెంట్ అనాలని టీచరే చెప్పారు. ఇప్పుడు ఆవిడే గో అంటున్నారు. ఏది కరెక్టు?" అని నిలదీసింది.

న్యాయమైన ప్రశ్న. "డిడ్ తర్వాత వి-వన్, అంటే క్రియ మొదటి రూపం, రాయాలి, అంతే, గుర్తు పెట్టుకో" అని పంపించెయ్యొచ్చు. అలా చెబితే ఈ పరీక్షకు గుర్తుంటుంది, వచ్చే పరీక్షకు పోతుంది. అందుకని నేను దాన్ని మా ఊరి పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళాను. మీరూ రండి.

నా చిన్నతనంలో సందె వేళకు మంద ఊళ్ళోకి వచ్చేది. వీధంతా దుమ్ము, ఆ పైన చీకటి. ఏ గొడ్డు ఎక్కడుందో కనబడదు. మా నాన్న మాత్రం అరుగు మీద కూచుని, తల తిప్పకుండానే "కర్రావు వచ్చింది, దూడ వెనకబడింది, ఎద్దు ఇంకా చెరువు దగ్గరే ఉంది" అని చెప్పేవాడు. ఎలాగంటే, ఒక్కోదాని మెడలో ఒక్కో గంట. కర్రావుకి కంచు గంట, దూడకి మువ్వలు, ఎద్దుకి కొయ్య గంట. కనుమ పండక్కి అవన్నీ విప్పి చింతపండుతో తోమడం, తోలు పట్టెడలకి నూనె రాయడం నా పని. తోమిన గంటని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించి వినేవాణ్ణి. ఆ వినడం కోసమే ఆ పని నాకిమ్మని మా అమ్మ దగ్గర పేచీ పెట్టేవాణ్ణి. సరే, అసలు సంగతికి వద్దాం.

మన తెలుగు మాటల మెడలో గంటలుంటాయి. "ఆవు పులిని చూసింది" అనండి. "పులిని ఆవు చూసింది" అనండి. "చూసింది, ఆవు, పులిని" అనండి. ఎటు తిప్పినా చూసింది ఆవే. "పులిని"లో ఆ "ని" ఉందే, అదే గంట. పులి ఎక్కడ నిలబడ్డా ఆ గంట మోగి, "చూసింది నేను కాదు, నన్ను చూశారు" అని చెబుతుంది. మేం బళ్ళో "డుమువులు ప్రథమా విభక్తి" అని గొంతెత్తి చదివేవాళ్ళం. చిన్నయసూరి 1858లో అచ్చువేసిన బాలవ్యాకరణం నాటి నుంచీ తెలుగు పిల్లలకి ఈ విభక్తులు నేర్పుతూనే ఉన్నారు. అవన్నీ గంటల జాబితాయే.

ఇంగ్లీషు కొట్టం తీరు వేరు. అక్కడ మెడలో గంటలు లేవు, వరసగా గుంజలున్నాయి. మొదటి గుంజ పని చేసేవాళ్ళది. రెండో గుంజ పనిది. మూడోది ఆ పని ఎవరి మీద పడిందో వాళ్ళది. ఏ గుంజకి కట్టారో చూసి ఎవరేమిటో తెలుసుకోవాలి. "ది కౌ సా ది టైగర్" అంటే ఆవు పులిని చూసింది. "ది టైగర్ సా ది కౌ" అంటే పులి ఆవుని చూసింది. మాటలు అవే, ఒక్క అక్షరం మారలేదు. పలుపులు విప్పి ఇటుదటు కట్టారు, అంతే. రెండో వాక్యంలో ఆవు పరుగెత్తాలి!

మనలో కొత్తగా నేర్చుకునే పిల్లలు "ఐ మ్యాంగో ఈట్" అంటారు. తెలివి లేక కాదు. మన కొట్టంలో పని ఎప్పుడూ చివర ఉంటుంది, వాళ్ళు దాన్ని అలవాటు కొద్దీ అక్కడే కట్టారు. అలా ఎవరైనా మాట్లాడితే నవ్వకండి. నవ్వితే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు, నోరు విప్పకుండా ఏ భాషా రాదు. ఇంగ్లండు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగుకి వ్యాకరణం రాసిన బ్రౌన్ దొరకి కూడా మన మాటల గంటలు ఒక్కొక్కటిగా చెవికి అలవాటు చేసుకోక తప్పి ఉండదు.

ఇంకో విచిత్రం వినండి. ఒకప్పుడు ఇంగ్లీషుకీ గంటలుండేవి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో కుక్క కరిస్తే "సె హుండ్" అనేవాళ్ళు, కుక్కని ఎవరైనా కొడితే "థోనె హుండ్" అనేవాళ్ళు. ఎటు తిప్పి చెప్పినా తెలిసేది, మనకి లాగే. తర్వాత సముద్రం దాటి ఉత్తరాది వైకింగులు వచ్చి ఆ ఊళ్ళలో కాపురం పెట్టారు. వాళ్ళ మాటలూ వీళ్ళ మాటలూ దగ్గర దగ్గరే, చివరి గంటలు మాత్రం వేరు. సంతలో బేరమాడేటప్పుడు ఇద్దరికీ తెలిసిన మాట మిగిలి, తెలియని తోకలు అరిగిపోయాయని పండితులు చెబుతారు. మాట చివర నొక్కి పలక్కపోవడం వల్ల కూడా కొన్ని రాలిపోయాయి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చి రాజులయ్యారు. గొర్రెని కాసేవాడు దాన్ని "షీప్" అన్నాడు, తినే దొర "మటన్" అన్నాడు. రెండూ ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఇంత సందడిలో గంటలు పోయాయి, గుంజలే గట్టిపడ్డాయి.

అన్నీ పోలేదు లెండి. చిన్న చిన్న మాటల మెడలో ఇంకా ఉన్నాయి. "హీ" చేసేవాడు, "హిమ్" పని మీద పడినవాడు. "ఐ", "మీ". "దే", "దెమ్". పొద్దస్తమానం నోట్లో నలిగే మాటలు కాబట్టి వాటి గంటలు ఎవరూ మర్చిపోలేదు.

పని మాటకీ గంట ఒకటి మిగిలింది. "హీ గోస్"లో చివరి ఆ "స్". 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో అది "మేకెత్", "సెత్" అని వేరే చప్పుడు చేస్తుంది. అప్పటి మనుషుల నోట రెండూ వినబడేవి. ఇప్పుడు "స్" ఒక్కటే ఉంది. నిన్నటి పనికి ఇంకో గంట, "వాక్డ్"లో "డ్" లాంటిది. "గో"కి అది మరీ వింతగా ఉంటుంది, మాటే మారిపోయి "వెంట్" అవుతుంది.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకి వచ్చాం. తెలుగులో ప్రశ్న అడగాలంటే "వెళ్ళాడా?" అని చివర దీర్ఘం తీస్తే చాలు. ఇంగ్లీషులో పని మాటని మొదటి గుంజ కన్నా ముందుకు తోలాలి. "యూ ఆర్ కమింగ్" అనేది "ఆర్ యూ కమింగ్?" అవుతుంది. "ఆర్", "ఈజ్", "కెన్" లాంటివి అదిలించగానే ముందుకు నడుస్తాయి. నాలుగు వందల ఏళ్ళ కిందట "గో", "నో" (తెలుసు అనే మాట), "సే" కూడా అలాగే నడిచేవి, "నీకు తెలుసా?" అనడానికి "నో యూ?" అని అడిగేవాళ్ళు. తర్వాత్తర్వాత అవి మొండికేసి తమ గుంజ దగ్గరే పడుకున్నాయి. వాటి బదులు ముందుకు నడవడానికి "డూ" అనే సాధువైన ఎద్దుని తెచ్చారు.

ముందుకు నడిచేది "డూ" కాబట్టి గంట దాని మెడలోనే కట్టాలి. వాక్యానికి గంట ఒక్కటే ఉంది. "హీ గోస్"లో గోస్ మెడలోని "స్" విప్పి డూకి కట్టారు, అది "డజ్" అయింది, వెనక "గో" బోసి మెడతో మిగిలింది. "డజ్ హీ గో?" అలాగే "హీ వెంట్"లో నిన్నటి గంట విప్పి డూకి కట్టారు. డూ "డిడ్" అయింది, వెంట్ మళ్ళీ "గో" అయింది. "డిడ్ హీ వెంట్" అంటే ఒక్క గంటని రెండు మెడల్లో కట్టినట్టు. "డిడ్ నాట్ గో" అనేదానికీ ఇదే లెక్క. మా పిల్ల ఇది విని, నన్ను ఇంకేమీ అడక్కుండా నోట్సులో వెనక పేజీలు తిరగేసి, "డజ్ షీ లైక్స్" అని ఇంకో చోట రాసుకున్నది తనే పట్టుకుని దిద్దుకుంది. ఆ క్షణంలో దాని మొహం చూడాల్సింది!

ఒక్కటి మాత్రం నేను పూర్తిగా చెప్పలేను, చూపిస్తాను. బయట వాన పడుతోంది. మనం "వాన పడుతోంది" అంటాం, పడేది వాన. వాళ్ళు "ఇట్ ఈజ్ రెయినింగ్" అంటారు. మొదటి గుంజకి "ఇట్"ని కట్టారు. ఆ ఇట్ ఎవరు? ఆకాశమా, మబ్బా, దేవుడా? ఎవరూ కాదు. మొదటి గుంజ ఖాళీగా ఉండకూడదని ఎవరూ లేని చోట ఒక ఉత్త పలుపు కట్టి ఉంచారు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా ఆ "ఇట్" కనబడిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

మీరు ఈ ఆదివారం ఇంగ్లీషు రీడర్‌లో ఒక పాఠం తీసుకోండి. పెన్సిలుతో ప్రతి వాక్యంలో మొదటి గుంజకి ఎవరిని కట్టారో గీత గీయండి. "ఇట్" కనబడితే దాని బదులు ఒక మనిషినో వస్తువునో పెట్టి చూడండి. కొన్నిచోట్ల చక్కగా అతుకుతుంది, కొన్నిచోట్ల ఎవరిని పెట్టినా అతకదు. అతకనివన్నీ ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య